పడుకునే వేళ బొమ్మల పుస్తకం



ఈనాటి ప్రసంగానికి ప్రయోగశాల అవసరం లేదు. ఒక మంచం, ఒక దీపం, పదహారు పేజీల బొమ్మల పుస్తకం, ఐదేళ్లలోపు వయసున్న ఒక పాపో బాబో ఉంటే చాలు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉన్నవారు, అక్క పిల్లలు సెలవులకు వచ్చేవారు మీలో చాలామందే ఉంటారు. "మేము డిగ్రీ చదువుతున్నాం, చంటిపిల్లల పుస్తకాలతో మాకేం పని?" అని కొందరు నవ్వుకోవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఒక గుర్తును చూసి, దాని వెనకనున్న వస్తువును మనిషి మెదడు ఎలా అర్థం చేసుకుంటుంది అనేది విజ్ఞానశాస్త్రంలో చిన్న ప్రశ్న కాదు. మీరు రాసే రసాయన సమీకరణం, మీరు గీసే భారతదేశ పటం, రెండూ ఆ శక్తి మీదే నిలబడి ఉన్నాయి. పిల్లల్లో ఆ శక్తి ఎదగడాన్ని దగ్గరగా చూడాలంటే బొమ్మల పుస్తకాన్ని మించిన చోటు లేదు.

రాత్రిపూట కథ చెప్పడం మనకు కొత్త కాదు. ఆరుబయట నులక మంచం మీద పడుకుని, చుక్కలు లెక్కపెడుతూ, నాన్నమ్మ చెప్పే కథకు ఊఁ కొట్టిన అనుభవం మీలో కొందరికి ఉండే ఉంటుంది. అయితే కథ వినడం, బొమ్మల పుస్తకం చూడడం ఒకటి కావు. కథలో రాక్షసుడికి ఎన్ని తలలో చెప్పే అధికారం చెప్పేవారిదే. పుస్తకంలో అలా కుదరదు. బొమ్మ పిల్లవాడి కళ్లెదుటే ఉంటుంది. "మూడు కాదు, నాలుగు తలలు" అని మూడేళ్లవాడు మీ తప్పును పట్టుకోగలడు. పెద్దవారి మాటను చేతిలోని సాక్ష్యంతో పోల్చి చూడడం బహుశా అక్కడే మొదలవుతుంది. నేను ముప్పై ఏళ్లుగా వృక్షశాస్త్రం బోధిస్తున్నాను. కళాశాలలో చేరిన విద్యార్థులకు ఈ ఒక్క అలవాటు నేర్పడానికే నాకు ఏడాది పడుతుంది.

ముందుగా అసలు బొమ్మ అంటే ఏమిటో పసిపిల్లలకు ఎలా తెలుస్తుందో చూద్దాం. తొమ్మిది నెలల పాపకు సీసా బొమ్మ ఉన్న పేజీ చూపించండి. పాప ఆ బొమ్మను తడుముతుంది, గీకుతుంది, వేళ్లతో పట్టి పైకి తీయాలని చూస్తుంది. అమెరికాలో జూడీ డెలోష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1998లో ప్రచురించిన పరిశోధనలో సరిగ్గా ఇదే గమనించారు. అక్కడితో ఆగకుండా, పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్టులో, బొమ్మల పుస్తకాలు అలవాటు లేని పల్లె కుటుంబాల పసివాళ్లకు కూడా అవే బొమ్మలు చూపించారు. వారూ అలాగే బొమ్మను పట్టుకోబోయారు. అంటే ఇది ఏదో ఒక దేశపు పెంపకం వల్ల వచ్చిన అలవాటు కాదు. బొమ్మ వస్తువులాగే కనిపిస్తోంది కానీ వస్తువు కాదు. ఆ సంగతి ఆ వయసు పిల్లలకు ఇంకా తెలియదు, అందుకే చేత్తో పరీక్షిస్తున్నారు. పంతొమ్మిది నెలలు వచ్చేసరికి పట్టుకోబోవడం బాగా తగ్గిపోయి, వేలు పెట్టి చూపించడం మొదలవుతుంది. పట్టుకోబోయే చెయ్యి చూపించే వేలుగా మారడానికి మధ్య ఉన్న పది నెలల్లో ఆ పాప ఒక పెద్ద విషయం కనుక్కుంది. ఇది వస్తువు కాదు, వస్తువును గురించి మాట్లాడుకోవడానికి పనికొచ్చేది అని. కాబట్టి ఏడాది నిండని పాప పుస్తకాన్ని నోట్లో పెట్టుకున్నా, పేజీ చింపినా అల్లరి అనుకోకండి. మందపాటి అట్ట పేజీల పుస్తకాలు పుట్టింది వాళ్ల కోసమే.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. 2000 సంవత్సరంలో మా అమ్మాయికి మూడేళ్లు. అప్పుడు మేము హైదరాబాదులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. గుంటూరు జిల్లా పల్లెలో వ్యవసాయం మానుకుని మా అత్తగారు మా దగ్గరకు వచ్చారు. ఆవిడకు అక్షరాలు రావు. బస్సు మీది అంకెను మాత్రం దాని ఆకారాన్ని బట్టి గుర్తుపట్టేవారు. పుస్తక ప్రదర్శనలో కొన్న పల్చటి పుస్తకం ఒకటి మా అమ్మాయికి ప్రాణం. ఒక రైతు ఎడ్లబండి కట్టుకుని సంతకు వెళ్లి రావడమే అందులోని కథ. పేజీకి రెండు వాక్యాలు, మిగిలినదంతా బొమ్మ. రోజూ రాత్రి నేను దాన్ని స్పష్టమైన ఉచ్చారణతో, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క మాట పొల్లుపోకుండా చదివేదాన్ని. అమ్మాయి మధ్యలో పేజీ వెనక్కి తిప్పితే "ఉండమ్మా, కథ ముందుకు వెళ్లాలి కదా" అనేదాన్ని. నాలుగు నిమిషాల్లో చదవడం అయిపోయేది. పాప మాత్రం పడుకునేది కాదు.

ఒకరోజు నేను జవాబు పత్రాలు దిద్దుకుంటూ ఉంటే పక్క గదిలోంచి మాటలు వినిపించాయి. మా అత్తగారి ఒడిలో పుస్తకం ఉంది. "ఈ ఎడ్లకి ముక్కుతాళ్లు ఏయే? తాడు లేకుండా ఈడు బండెట్టా తోల్తాడు?" అంటున్నారు ఆవిడ. "ముక్కుతాడు అంటే ఏంటి నాన్నమ్మా?" అంటోంది అమ్మాయి. ఆవిడ తన చీర కొంగు మెలిపెట్టి, దాని ముక్కు కింద పెట్టి చూపించారు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. తర్వాత కాడి, ఇరుసు, చర్నాకోల, గడ్డివామి. బండిలో ఉన్న బస్తా చూసి "ఇందులో ఏముందంటావ్?" అని ఆవిడ అడగడం, "ఉల్లిపాయలు" అని ఇది చెప్పడం, "ఉల్లిపాయలైతే గోతం అట్టా నున్నగా ఉండదు, గడ్డలు గడ్డలుగా ఉబ్బుద్ది. ఇయ్యి వడ్లు" అని ఆవిడ తేల్చడం. ఒక్క పేజీ దగ్గరే ఇరవై నిమిషాలు గడిచాయి.

నేను చేసిన పని ఇప్పుడు చెప్పడానికి కూడా సిగ్గుగా ఉంది. లోపలికి వెళ్లి, "అత్తయ్యా, అక్కడ రాసింది అది కాదు. బస్తాలో వేరుశనగలని ఉంది. తప్పు చెబితే దానికి అదే వచ్చేస్తుంది" అన్నాను. ఆవిడ పుస్తకం మూసి నా చేతికిచ్చారు. "నాకు అక్షరమ్ముక్క రాదుగదమ్మా, నువ్వే చదువు" అన్నారు. ఆ మాటలో కోపం లేదు, అదే నన్ను తర్వాత బాధపెట్టింది. మూడు వారాల పాటు ఆవిడ ఆ పుస్తకం ముట్టుకోలేదు. అమ్మాయి నా దగ్గర పడుకుని "నాన్నమ్మ పుస్తకం చదువు" అని అడిగేది. నేను చదివేది ఆ పుస్తకమే. కానీ అది అడుగుతున్నది అది కాదు.

ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరిగిందో చాలాకాలానికి పరిశోధన పత్రాలు చదివాక గాని నాకు సరిగ్గా అర్థం కాలేదు. ఒక్కొక్కటిగా చెబుతాను.

మనిషి చూపు ఏ క్షణంలో ఎక్కడ నిలిచిందో కనిపెట్టే పరికరం ఒకటి ఉంది. కంటి మీద సన్నని పరారుణ కాంతిని వేసి, అది తిరిగి మెరిసే తీరును కెమెరాతో పట్టి, చూపు దిశను లెక్కగడుతుంది. కెనడాలో మేరీ ఆన్ ఎవాన్స్, ఆమె సహ పరిశోధకుడు 2005లో దీనితో ఒక పరీక్ష చేశారు. పెద్దవారు కథ చదివి వినిపిస్తుండగా బడికి వెళ్లని వయసు పిల్లలు దేన్ని చూస్తున్నారు? దాదాపు ఎప్పుడూ బొమ్మలనే. అక్షరాల మీద వారి చూపు నిలిచింది చాలా తక్కువ సేపు. పేజీలో బొమ్మల, రాత అమరికను మార్చినా పెద్ద తేడా రాలేదు. ఆలోచించండి. ఒకే పుస్తకాన్ని ఇద్దరు పట్టుకుని ఉన్నారు. పెద్దవారి కళ్లు అక్షరాల మీద, పాప కళ్లు బొమ్మల మీద. నిజానికి ఇద్దరూ రెండు వేరువేరు పుస్తకాలు చదువుతున్నారు. మా ఇంట్లో నేను చదివింది ఒక పుస్తకం, మా అమ్మాయి చూసింది ఇంకొకటి. మా అత్తగారు మాత్రం మనవరాలు చూస్తున్న పుస్తకమే చూశారు, ఎందుకంటే ఆవిడకు ఇంకో పుస్తకం లేదు.

ఇక ప్రశ్నల సంగతి. 1988లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం సుమారు ముప్పై కుటుంబాలతో ఒక ప్రయోగం చేసింది. పిల్లలకు రెండు, మూడేళ్ల మధ్య వయసు. అన్ని కుటుంబాలనూ పిల్లలకు పుస్తకం చదివి వినిపించమన్నారు. అందులో సగం కుటుంబాలకు మాత్రం ఒక పద్ధతి నేర్పారు. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు కాకుండా "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని అడగడం, పాప ఒక్క మాట చెబితే దానికి ఇంకో మాట కలిపి తిరిగి చెప్పడం, నెమ్మదిగా చెప్పే పనిని పాపకే అప్పగించడం. నెల రోజుల తర్వాత చూస్తే మాట్లాడే శక్తిలో ఈ పిల్లలు మిగతావారి కంటే నెలల తరబడి ముందున్నారు. తొమ్మిది నెలల తర్వాత ఆ తేడా కొంత తగ్గినా పూర్తిగా పోలేదు. ముప్పై కుటుంబాలంటే చిన్న సంఖ్య, పైగా అవి మధ్యతరగతి కుటుంబాలు, కాబట్టి ఒక్క ప్రయోగంతో ఎగిరి గంతేయకూడదు. కానీ ఆ తర్వాత వేర్వేరు రకాల కుటుంబాలతో, బడులతో ఇదే పద్ధతిని ఎందరో పరీక్షించారు. లాభం ఎంత అన్న దగ్గర తేడాలున్నా, దిశ మాత్రం చాలావరకు ఒకటే. ఏ శిక్షణా లేకుండా మా అత్తగారు చేసింది ఆ పద్ధతే. "ఇందులో ఏముందంటావ్?" అన్న ప్రశ్న వైట్‌హర్స్ట్ శిక్షణలో సరిగ్గా సరిపోతుంది.

మాటల సంగతి కూడా చూడాలి. రోజువారీ సంభాషణలో పిల్లలతో మనం వాడే మాటలు చాలా కొద్ది. రా, తిను, వద్దు, చెప్పులేసుకో. 2015లో జెస్సికా మోంటాగ్ తదితరులు నూరు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లోని మాటలను, పిల్లలతో తల్లిదండ్రులు మామూలుగా మాట్లాడే మాటలను పక్కపక్కన పెట్టి లెక్కించారు. పుస్తకాల్లోనే మాటల వైవిధ్యం ఎక్కువని తేలింది. కారణం తేలికే. ఇంట్లో కనిపించని వాటిని పుస్తకం ఇంట్లోకి తెస్తుంది. తెలుగులో ఇలాంటి లెక్క ఎవరైనా విద్యార్థి చేపడితే బాగుంటుందని నాకు చాలాకాలంగా ఆశ. రెండు గదుల ఇంట్లో కాడికి, ఇరుసుకు చోటెక్కడిది? ఆ మాటలు మా అత్తగారి దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. హైదరాబాదు వచ్చాక వాటిని వాడే సందర్భమే ఆవిడకు రాలేదు. పుస్తకంలోని ఒక బొమ్మ ఆ సందర్భం కల్పించింది. చిత్రకారుడు మరిచిపోయిన ముక్కుతాడు ఇంకా ఎక్కువ పని చేసింది.

పిల్లలు అదే పుస్తకం మళ్లీ మళ్లీ కావాలంటారు. పెద్దవాళ్లకు విసుగు పుడుతుంది. "నిన్ననే చదివాం కదా, ఇవాళ కొత్తది చూద్దాం" అంటారు. ఇంగ్లండులో జెసికా హార్స్ట్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో మూడేళ్ల పిల్లలకు వారికి తెలియని వస్తువుల కొత్త పేర్లను కథల్లో కలిపి వినిపించారు. కొందరికి అవే కథలు మళ్లీ మళ్లీ, కొందరికి వేరువేరు కథలు. ప్రతి కొత్త మాటా అందరికీ అన్నిసార్లే వినిపించింది. అయినా అవే కథలు విన్నవారే మాటలు బాగా నేర్చుకున్నారు. మొదటిసారి పిల్లవాడి దృష్టి అంతా ఎవరు, ఎక్కడ, ఏమైంది అన్నదాని మీదే ఉంటుంది. అవి తెలిశాక గాని కొత్త మాట మీద నిలపడానికి దృష్టి మిగలదు. మీరు పాఠ్యపుస్తకాన్ని రెండోసారి చదివినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి.

మరి పడుకునే వేళే ఎందుకు? అదే హార్స్ట్, సోఫీ విలియమ్స్‌తో కలిసి 2014లో ఇంకొక పరిశోధన ప్రచురించారు. కథ విన్న వెంటనే పగటి కునుకు తీసిన మూడేళ్ల పిల్లలు మేలుకుని ఉన్నవారి కంటే కొత్త మాటలను బాగా గుర్తుంచుకున్నారు, వారం తర్వాత కూడా. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం పగటి అనుభవాలను తాత్కాలికంగా భద్రపరుస్తుంది. నిద్రలో, ముఖ్యంగా గాఢనిద్రలో, వాటిని మళ్లీ కదిలించి మెదడు పై పొరల్లోకి చేర్చుతుందని నాడీ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ పరిశోధన పగటి నిద్ర మీద చేసినది, రాత్రికి దాన్ని అన్వయించేది మనం. అన్వయం సబబే అని నా అభిప్రాయం. అయితే "అభిప్రాయం" అన్న మాట గమనించండి.

వెలుతురు గురించి ఒక్క మాట. ఫోనులో బొమ్మల పుస్తకాలు వచ్చాయి, మంచివీ ఉన్నాయి. కానీ చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేసి నిద్రకు వేళయిందని శరీరానికి తెలుపుతుంది. కంట్లో పడే వెలుగు, ముఖ్యంగా నీలి వెలుగు, ఆ విడుదలను ఆపుతుంది. చిన్నపిల్లల కంటి కటకం పెద్దవారి కటకం కంటే తేటగా ఉంటుంది, అందువల్ల వెలుగు ఎక్కువగా లోపలికి వెళుతుంది. కాబట్టి రాత్రిపూట కాగితం పుస్తకం, పసుపు రంగు చిన్న దీపం మేలు. ఫోను తప్పనిసరి అయితే పడుకోవడానికి చాలా ముందే చూపించి పక్కన పెట్టేయండి.

పుస్తకాలు కొనే స్తోమత అందరికీ ఉండదని నాకు తెలుసు. నా చిన్నతనంలో మాస్కోలో అచ్చయిన తెలుగు బొమ్మల పుస్తకాలు విశాలాంధ్ర వారి దుకాణాల్లో చాలా చవకగా దొరికేవి. మంచు ఎలా ఉంటుందో నేను మొదట చూసింది వాటిలోనే. సోవియట్ యూనియన్ 1991లో పోయాక అవి రావడం ఆగిపోయింది. కానీ 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలు ఇప్పటికీ తక్కువ ధరకే దొరుకుతాయి. 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 నుంచి స్టోరీవీవర్ అనే వేదిక మీద తెలుగుతో సహా ఎన్నో భాషల్లో పుస్తకాలను ఉచితంగా ఉంచుతోంది, కావలసినది అచ్చు తీసుకోవచ్చు. అదీ కుదరకపోతే పాత క్యాలెండరు, విత్తనాల సంచి, దినపత్రిక ఆదివారం సంచికలోని బొమ్మలు కత్తిరించి దారంతో కుట్టండి. మైదాపిండి జిగురుతో అంటిస్తే ఎలుకలు కొడతాయి, అనుభవంతో చెబుతున్నాను.

మీలో చాలామంది ఇళ్లలో చదువురాని పెద్దవారు ఉంటారు. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు దాటిన మహిళల్లో అక్షరాస్యులు సుమారు 50 శాతం, 2011 నాటికి సుమారు 59 శాతం. అంటే 2011లో కూడా ప్రతి పదిమంది మహిళల్లో నలుగురికి చదవడం రాదు. వారిలో ఎందరో మన అమ్మమ్మలు, నాన్నమ్మలు. ఇంట్లో పుస్తకం తెరిస్తే వారు మర్యాదగా పక్కకు తప్పుకుంటారు, మా అత్తగారిలాగే. అక్షరాలు నేర్పే పుస్తకమైతే వేరే సంగతి. బొమ్మల పుస్తకం దగ్గర వారు తప్పుకోవలసిన పని లేదు. ఆ సంగతి వారికి చెప్పగలిగినది మీరే.

నేను ఎలా చెప్పానో కూడా వినండి. క్షమించమని అడిగే ధైర్యం రాలేదు. ఒక రాత్రి పుస్తకం తీసుకెళ్లి ఆవిడ మంచం మీద కూర్చుని, "అత్తయ్యా, ఈ ఎడ్లకు ముక్కుతాడు ఎక్కడ నుంచి ఎక్కడికి వస్తుంది? నాకు తెలియదు, గీసి చూపిస్తారా?" అని పెన్సిలు ఇచ్చాను. నిజంగానే నాకు తెలియదు. ఆవిడ జీవితంలో పెన్సిలు పట్టలేదు. కొంచెంసేపు నా వంక చూశారు. తర్వాత మనవరాలి చెయ్యి పట్టుకుని, ఇద్దరి చేతులతో కలిపి రెండు ఎడ్లకూ తాళ్లు గీశారు. వంకర గీతలే, కానీ ముక్కులోంచి కొమ్ముల వెనక్కి సరిగ్గా వెళ్లాయి. ఆ తర్వాత రాత్రి పుస్తకం పని ఆవిడదే అయింది, వంటింటి పని నాది.

ఇక మీకు ఇచ్చే పని. ఒకే పుస్తకం తీసుకుని, ఏడు రాత్రులు, ఒకే పాపతో, పదిహేను నిమిషాలకు మించకుండా చూడండి. మొదటి రాత్రి ఉన్నది ఉన్నట్టు చదవండి, రెండో రాత్రి నుంచి ప్రశ్నలు మొదలుపెట్టండి. మౌఖిక పరీక్ష చేయకండి. "ఇదేంటి? ఇదేంటి?" అని వరుసగా అడిగితే నేనైనా దుప్పటి ముసుగేసుకుంటాను. ఒక ప్రశ్న అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి ఆగండి, జవాబు రావడానికి చిన్నవాళ్లకు అంత సమయం కావాలి. పాప పేజీ వెనక్కి తిప్పితే తిప్పనివ్వండి. మధ్యలో నిద్రపోతే పుస్తకం మూసేయండి, కథ పూర్తిచేయాలని ఎక్కడా లేదు. పొద్దున లేచాక నోటుబుక్కులో తేదీ వేసి మూడు సంగతులు రాయండి. పాప అడిగిన ప్రశ్న, పాప వాడిన కొత్త మాట, బొమ్మలో మీకంటే ముందు పాప చూసిన వివరం. మూడో గడి చాలామందికి మొదటి రోజే నిండిపోతుంది.

ఎనిమిదో రాత్రి పుస్తకం పాప చేతికిచ్చి మీరు పక్కన పడుకోండి. పాపే మీకు చదివి వినిపిస్తుంది. పేజీలో లేనివి కూడా చాలా చెబుతుంది. అప్పుడు మీరు దిద్దకుండా ఊఁ కొట్టండి.